దర్వాజ పైకెక్కిన స్విచ్చి

మొన్న మా అబ్బాయి పాలమూరులో కట్టుకుంటున్న ఇంటికి కరెంటు పని చేసే అతను అట్టపెట్టె నిండా స్విచ్చిలు, సాకెట్లు తెచ్చి వరండాలో చాప మీద పరిచాడు. తెల్లవి, బూడిద రంగువి, అంచుకు బంగారు గీత ఉన్నవి, వేలు ఆనిస్తే చాలు చప్పుడు లేకుండా వెలిగేవి. మా కోడలు చీరలు ఎంచుకున్నంత శ్రద్ధగా ఒక్కొక్కటీ ఒత్తి చూస్తూ, దీని మీద మరక కనబడదు, దీని చప్పుడు బాగుంది అంటూ పక్కకు పెడుతోంది. పెట్టెలోంచి కొత్త ప్లాస్టిక్ వాసన, దాని కింద ఎక్కడో పలచగా తీగల రబ్బరు వాసన వచ్చాయి. ఆ రబ్బరు వాసన ముక్కుకు తగలగానే మా పాత ఇంట్లో మొదటిసారి తీగ లాగిన రోజు గుర్తొచ్చింది. అంతలో అతను, ఇంట్లో పెద్దదాన్ని కదా అని మర్యాదకు, "అమ్మా, బోర్డులు ఎంత ఎత్తుల పెట్టమంటరు?" అని అడిగాడు. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాను.

మా చిన్నతనం కల్వకుర్తిలో గడిచింది. నిజాం సర్కారు చివరి రోజులవి. మా బాపు గిర్నిలో లెక్కలు రాసే మున్షీ. గిర్ని అంటే బియ్యం పట్టే మర. మాది మట్టిగోడల ఇల్లు, ముందర అరుగు, నడిమింట్లో రెండు దూలాలు, వెనక వంటిల్లు, దాని వెనక గేదెల కొట్టం. పండుగలు దగ్గరికి వచ్చాయంటే గోడలన్నిటికీ ఎర్రమన్ను పూసి, కింద సున్నంతో పట్టెలు తీసేవాళ్లు. ఆ తడిమట్టి వాసన ఆరేలోపు నేను గోడకు ముక్కు ఆనించి నిలబడేదాన్ని. ముక్కుకు ఎర్రమన్ను అంటి దొరికిపోయేదాన్ని. వానలు వెళ్లిపోయి తంగేళ్లు పూసే రోజుల్లో మా ఇంటినిండా మట్టి, పూలు, బెల్లం కలిసిన ఒక వాసన ఉండేది. దాన్ని మళ్లీ ఎక్కడా పీల్చలేదు.

సాయంత్రం వాసన వేరు. వాకిట్లో కల్లాపి, పెనం మీద జొన్నరొట్టె, కందిళ్లలో పోసే గాసునూనె, అంటే కిరోసిన్. పొద్దు గూట్లో పడేవేళకు మా మేనత్త అరుగు మీద కూర్చొని, కందిళ్ల గాజులు విప్పి, బూడిద అద్దిన గుడ్డతో లోపల వేళ్లు పెట్టి తిప్పి తిప్పి తుడిచేది. ఆమె చేతులు సన్నగా ఉండేవి కనుక గాజులో మణికట్టు దాకా దూరేవి. వత్తి కత్తిరించడం, నూనె పోయడం, మసి తుడవడం అన్నీ ఆమె పనే. అగ్గిపుల్ల గీసి ముట్టించడం మాత్రం మా అమ్మ పని. మొదట దేవుడి గూట్లో దీపం, తర్వాత కందిళ్లు. అమ్మ ముట్టించగానే మేమంతా దండం పెట్టుకునేవాళ్లం. అత్త ఆ వేళకు వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇందులో ఎవరికీ వింత కనిపించేది కాదు, నాకూ కనిపించలేదు.

ఆమె పేరు అండాలు. బాపుకు చెల్లెలు. ఆమె పెళ్లి ఆమెకే సరిగా గుర్తులేదు. ఆ రోజు ఎవరో చేతిలో పెట్టిన చక్కెర చిలకలు మాత్రం గుర్తున్నాయనేది. చిలక తల కొరికి, తోక దాచుకుందట. పెనిమిటి మసూచి వచ్చి పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంది. బొట్టు లేదు, గాజులు లేవు, తల్లో పువ్వు లేదు. ఎవరైనా ఊరికి బయలుదేరితే ఎదురు రాకుండా కొట్టంలోకి తప్పుకునేది. బతుకమ్మ పేర్చేనాడు తంగేడు కాడలు కత్తిరించి, గునుగు కట్టలకు రంగులద్ది, వరసలన్నీ సరిచూసి ఇచ్చేది. బతుకమ్మ గడప దాటగానే వాకిలి ఊడ్చుకుంటూ మిగిలిపోయేది. పొట్టి మనిషి. బాపు పక్కన నిలబడితే ఆయన చంక కిందికి వచ్చేది. నవ్వితే చిగుళ్లు కనబడేవి.

ఒక ఎండాకాలం గిర్ని సావుకారు ఇంజనుకు డైనమో తగిలించాడు. తన ఇంటికీ దుకాణానికీ పోగా మిగిలిన కరెంటును నమ్మకస్తులైన ఒకరిద్దరి ఇళ్లకు సాయంత్రం పూట ఇస్తానన్నాడు. బాపు నమ్మకస్తుడు. ఆ మాట చెప్పిన రోజు ఆయన తలకు చుట్టిన రుమాలు తీయకుండానే అన్నానికి కూర్చున్నాడు. తర్వాత సావుకారు పని మీద పట్నం పోయి, సుల్తాన్ బజారులో ఏదో దుకాణంలో అడిగి, మూడు రకాల స్విచ్చిలు కాగితంలో చుట్టి తెచ్చాడు. ఇంట్లో వాళ్లకు నచ్చింది ఉంచుకొని మిగిలినవి తిప్పి పంపాలి. నడిమింట్లో చాప వేసి పరిచాడు. ఇప్పుడు మా కోడలు చేసినట్టే అందరం చుట్టూ కూర్చున్నాం.

ఒకటి తెల్ల పింగాణీది. అమ్మకు అది నచ్చింది. మా అవ్వ, అంటే బాపు తల్లి, దాన్ని పట్టుకొని చూసి, "గిది చాయ్ కప్పు తీరుగున్నది" అని కింద పెట్టేసింది. మా ఇంట్లోకి అప్పటికి చాయ్ కప్పు రాలేదు. రెండోది నల్లది, మెరుస్తూ ఉంది. నల్లది గోడకెందుకు అని అవ్వ దాన్ని ముట్టనే లేదు. మూడోది ఇత్తడి టోపీ ఉన్నది, చిన్న గంటను బోర్లించినట్టు గుండ్రంగా, మధ్యలో చిన్న పుల్లలాంటి మీట. అవ్వ దాన్ని అరచేతిలో వేసుకొని బరువు చూసింది. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది అంది. ఇత్తడిదే ఖాయమైంది. దానితోపాటు బాపు ఒక సాకెట్టు కూడా తెచ్చాడు. దానిలో పెట్టడానికి మా ఇంట్లో ఏ వస్తువూ లేదు. రేపు రేడియో కొంటే కావాలి గదా అన్నాడు. ఏది కావాలని అండాలత్తను ఎవరూ అడగలేదు. ఆమె వంటింటి గడప మీద కూర్చొని మెడ సాచి చూసింది.

గిర్నిలో తీగల పని చేసే అతను వచ్చి, దూలం మీదుగా కట్టె పట్టీలు కొట్టి, తీగ లాగి, మేం బుగ్గ అనే బల్బును దూలానికి వేలాడదీసి, నడిమింటి దర్వాజ పక్కన గుండ్రటి కట్టెబిళ్ల మీద ఇత్తడి స్విచ్చి బిగించాడు. ఎంత ఎత్తులో అంటే, అందరికీ అందేటట్టు పెట్టమన్నాడు బాపు. అత్తకు భుజం ఎత్తులో వచ్చింది. సాకెట్టు గోడ అడుగున పెట్టారు. దాని సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గోడకు బొక్క ఉంటే తేలు చేరుతుందని మా అవ్వ ఎర్రమన్ను పూసినప్పుడల్లా బొక్కలన్నీ మెత్తేది. ఆ అలవాటులోనే సాకెట్టు బొక్కల్లోకి కూడా శుభ్రంగా మన్ను కూరి, పైన పూత పూసి, సున్నం పట్టె తీసేసింది. పగటిపూట కరెంటు ఉండదు కనుక బతికిపోయింది. బాపు రేడియో కొననే లేదు, ఆ సాకెట్టు మళ్లీ బయటపడనే లేదు.

మొదటిసారి కరెంటు వచ్చే సాయంత్రం మా ఇంట్లో అందరికీ భయమే. అంతకు ముందే గిర్ని దగ్గర ఒక కోతి తీగ పట్టుకొని మాడిపోయింది. ఊరంతా వెళ్లి చూసి వచ్చింది. తీగల పనతను "బటన్ కిందికి ఒత్తుండ్రి, గంతే" అని చెప్పి సావుకారు ఇంటికి వెళ్లిపోయాడు. దూరంగా ఇంజను డుబుక్కు డుబుక్కుమని మొదలైంది. బాపు గొంతు సవరించుకొని చెయ్యి చాచాడు. అవ్వ ఆయన ముంజేయి పట్టుకుంది. "నువ్వొద్దు. ఇంటి మొగోనివి." అమ్మ ముందుకు జరగబోయింది. అమ్మ అప్పుడు మా తమ్ముణ్ని కడుపులో మోస్తోంది. అవ్వ ఆమెనూ ఆపింది. తర్వాత వంటింటివైపు చూసి, ఉప్పు తెమ్మన్నంత మామూలుగా అంది: "అండాలును ఒత్తనీయుండ్రి. దానికేమైతది."

బాపు చెయ్యి దించుకున్నాడు. ఆ దించుకోవడం నాకిప్పటికీ కనబడుతుంది. మా బాపు మంచి మనిషి, చెల్లెలంటే ప్రాణం. సంతకు పోతే ఆమె కోసం వేరే పొట్లంలో పుట్నాలు తెచ్చేవాడు. అయినా దించుకున్నాడు. అత్త తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఒత్తాల్నా అన్నా?" అంది. ఆయన దూలంకేసి చూస్తూ తల ఊపాడు. నేను అమ్మ కుచ్చిళ్లు పట్టుకొని ఒక కన్నుతో చూస్తున్నాను. అత్త కళ్లు గట్టిగా మూసుకొని, పెదవి కొరుక్కొని, మీటను కిందికి ఒత్తింది. టక్కుమంది. దూలానికి వేలాడుతున్న బుగ్గ ఎర్రగా మొదలై పచ్చగా వెలిగింది. గోడల మీది ఎర్రమన్ను ఎన్నడూ చూడని రంగులో కనబడింది. అత్త కళ్లు తెరిచి బుగ్గను కాదు, తన అరచేతిని చూసుకుంది. "ఏం గాలేదు" అని చిగుళ్లు కనబడేటట్టు నవ్వింది.

మర్నాటి నుంచి అది ఆమె పనైపోయింది. ఒకసారి ముట్టుకొని బతికిన చెయ్యి కదా, మళ్లీ అదే చెయ్యి వాడడం మంచిదని అందరి లెక్క. కానీ అత్తకు అది మా లెక్కలాగా కనబడలేదు. ఇంజను చప్పుడు వినబడే వేళకు ముందే మొహం కడుక్కునేది, తల దువ్వుకునేది. మమ్మల్ని, పక్కిళ్ల పిల్లల్ని వరసగా నిలబెట్టి కళ్లు మూసుకోమనేది. మేం వేళ్ల సందుల్లోంచి చూస్తే మళ్లీ మొదటినుంచి. ముసలమ్మలు కట్టె పట్టుకొని చూడటానికి వచ్చేవాళ్లు. "గింతే పెద్దమ్మా, గిట్ల ఒత్తుడే" అని వాళ్లకు చూపించేది. "అండాలూ, బుగ్గ ముట్టియ్యవా" అని పొరుగింటి వాళ్లు గోడ మీంచి పిలిచేవాళ్లు. అంతకు ముందు ఆమెను పేరు పెట్టి పిలిచి ఏదైనా మొదలుపెట్టమన్నవాళ్లు లేరు. మేం పిల్లలం కరెంటాట ఆడేవాళ్లం. ఒకడు గిర్ని, బుగ్గలు పూరించుకొని డుబుక్కుమంటాడు. చాంతాడు తీగ. చివర ఉన్నది అండాలత్త, ఆమె ఒత్తితేనే అందరూ పళ్లికిలించి వెలగాలి. అండాలత్తగా ఉండటానికి మేం కొట్టుకునేవాళ్లం.

మొదట్లో అవ్వ లెక్కలో ఆ బుగ్గ దీపం కాదు, ఒక తమాషా. దేవుడి గూట్లో నూనె దీపం అమ్మే ముట్టించేది, దానికే దండం. కానీ చీకటి పడేవేళ వెలుతురు వస్తే చేతులు వాటంతటవే లేస్తాయి. మొదట పొరుగింటి ముసలమ్మ బుగ్గకు దండం పెట్టింది. తర్వాత అమ్మ. ఒకనాడు అవ్వ కూడా పెట్టింది. అప్పటినుంచి బుగ్గ దీపమైపోయింది. అత్తకు గండం అక్కడ మొదలైందని మాకెవరికీ తెలియలేదు.

ఆ ఏడు దీపావళి నోములకు ఇల్లంతా బచ్చాల, అంటే బొబ్బట్ల, వాసన. పొయ్యి మీద శనగపప్పు, బెల్లం ఉడుకుతుంటే అత్త పొద్దుటినుంచి పూర్ణం రుబ్బుతూనే ఉంది. మధ్యాహ్నం వచ్చి స్విచ్చి ఇత్తడి టోపీని చింతపండుతో తోమింది. అవ్వ దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టింది. సాయంత్రానికి సావుకారు భార్య పట్టుచీరతో వచ్చి, చాప మీద కూర్చొని, "మా కరెంటు మీ ఇంట్ల ఎట్లున్నదో సూద్దామనొచ్చిన" అంది. చుట్టూ పేరంటాళ్లు. నోము దారాలు, తమలపాకులు, పళ్లెంలో పసుపు కుంకుమలు. ఇంజను మొదలైంది. వంటింట్లోంచి అత్త అలవాటు ప్రకారం చేతులు తుడుచుకుంటూ, ఆడవాళ్ల మధ్యలోంచి నేరుగా నడిచి వెళ్లి స్విచ్చి ఒత్తింది. వెలుతురు పడింది. దండాలకు చేతులు లేచాయి. సావుకారు భార్య గొంతు పెంచలేదు, కోపంగానూ అనలేదు. అవ్వవైపు వంగి అడిగింది, అంతే.

"మీ ఇంట్ల పండుగ పూట దీపం ముట్టిచ్చేది గీ పిల్లనా?"

లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. అవ్వ మొహం తిప్పుకుంది. అత్త చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. తీసి చూసుకుంటే చూపుడు వేలికి స్విచ్చి మీది కుంకుమ అంటి ఉంది. పక్కనే నిలబడ్డాను కనుక నాకు కనబడింది. ఆమెకు దాన్ని ఎక్కడ తుడవాలో తెలియలేదు. చీరకు తుడిస్తే చీరకు అంటుతుంది. గోడకు తుడిస్తే అందరూ చూస్తారు. వేలిని లోపల పెట్టి పిడికిలి మూసుకొని, తల దించుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి బచ్చాలు వడ్డించినప్పుడు కూడా ఎడమచేత్తోనే గిన్నె మోస్తూ, కుడి పిడికిలి విప్పలేదు. అమ్మ ఆమె చేతిలోంచి గరిటె తీసుకొని తనే వడ్డించింది.

మర్నాడు తీగల పనతను మళ్లీ వచ్చాడు. బాపు అతనితో స్విచ్చిని దర్వాజ పైకి, దూలం దగ్గరికి మార్చమన్నాడు. అంత ఎత్తెందుకని అతను అడిగాడు. "పిల్లలు ముట్టుకుంటున్నరు" అన్నాడు బాపు. నేను అక్కడే ఉన్నాను. "మేం ముట్టుకుంట లేం గద బాపూ" అన్నాను. "ఊకో" అన్నాడు. నా వైపు చూడలేదు. వంటింటి గడప మీద కూర్చున్న చెల్లెలి వైపూ చూడలేదు. ఆమెతో ఆ మాట నోటితో చెప్పలేక గోడతో చెప్పించాడు. అత్త గిన్నె తోముతూ తోముతూ ఒక క్షణం ఆగి, మళ్లీ తోముకుంది.

ఆ ఎత్తు అమ్మకు కూడా అందదు. ఎత్తుపీట వేసుకొని ఎక్కి ఒత్తాలి. ఇంజను చప్పుడు వినగానే పీట తెచ్చి గోడకు ఆనించి పెట్టేది అండాలత్తే. పెట్టి వంటింట్లోకి తప్పుకునేది. అమ్మ పీట ఎక్కి, ఏదో తప్పు చేసినదానిలా గబుక్కున ఒత్తి దిగిపోయేది. మా కరెంటాట కూడా అక్కడితో పోయింది. అండాలత్తగా ఉంటానని ఎవరూ అనలేదు.

కరెంటు కొట్టి మనిషి పోతుందేమో అనుకున్నన్నాళ్లు మా ఇంటికి ఆమె చెయ్యి పనికొచ్చింది. కొట్టదని తేలి, అది శుభమని తేలాక పనికిరాకుండా పోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు పెళ్లై, పిల్లలు పుట్టేదాకా పట్టింది. చూసినప్పటినుంచి మా ఇంటి కథ ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. ఊళ్లో సావుకారు తర్వాత మా ఇంట్లోనే బుగ్గ వెలిగింది అని మా తమ్ముడు ఇప్పటికీ చెబుతుంటాడు. నేను లేచి అక్కణ్నుంచి వెళ్లిపోతాను.

తర్వాత రజాకార్ల గడబిడ వచ్చింది. సావుకారు కుటుంబం రాత్రికి రాత్రి పట్నం పోయింది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ కందిళ్లు, మళ్లీ గాజుల్లో బూడిదగుడ్డ. పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా చాలా కాలం మా వీధి చీకటిదే. అట్లాంటి ఒక సాయంత్రం అమ్మా అవ్వా పక్కింట్లో పురుడు చూడటానికి పోయారు. నేను వాకిట్లోంచి లోపలికి వస్తుంటే టక్కుమని చప్పుడు వినబడింది. ఆగి, మళ్లీ టక్కు. తొంగి చూశాను. అండాలత్త పీట ఎక్కి, మునివేళ్ల మీద నిలబడి, కరెంటు లేని స్విచ్చిని కిందికి ఒత్తుతోంది, పైకి ఎత్తుతోంది. ఒత్తినప్పుడల్లా ఆరిపోయిన బుగ్గవైపు తల ఎత్తి చూస్తోంది. నా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి దిగింది.

"ఏం లేదు బిడ్డా, తుడుస్తున్న" అంది.

ఆమె చేతిలో గుడ్డ లేదు.

అత్త ఎప్పుడో పోయింది. ఊళ్లోకి సర్కారు కరెంటు వచ్చేదాకా లేదు. ఆ ఇల్లు అమ్మేశాక కొన్నవాళ్లు మట్టిగోడలు పడగొట్టారు. ఇత్తడి స్విచ్చి, మన్ను కూరిన సాకెట్టు ఆ మట్టిలోనే పోయి ఉంటాయి. గిర్ని జాగాలో ఇప్పుడు దుకాణాలు. కందిలి అంటే మా మనవరాలికి తెలియదు. గాజులోకి దూరే అంత సన్నటి చేతులతో ఎవరికీ పని లేదు. సాయంత్రం దీపం పెట్టగానే దండం పెట్టే చేతులు కూడా తగ్గిపోయాయి. మంచిదే అనుకున్నాను. వాటితోపాటే ఆ లెక్కలన్నీ పోయి ఉంటాయనుకున్నాను.

మంచినీళ్లు తాగి బయటికి వచ్చి, బోర్డులన్నీ కిందికే పెట్టమని ఆ కరెంటు పనతనికి చెప్పాను. ఎంత కిందికని అడిగితే, నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించి, ఇంకా కొంచెం కిందికి దించాను. మా కోడలు తెల్లవి ఎంచుకుంది. పని అయిపోయి కరెంటు ఇచ్చిన సాయంత్రం చుట్టాలు నలుగురు వచ్చారు. హాల్లో బోర్డు దగ్గర నిలబడి మా కోడలు, "అత్తమ్మా, మొదటిది మీరే వెయ్యుండ్రి" అని పిలిచింది. మనస్ఫూర్తిగా పిలిచింది. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. నా భర్త పోయి చాలా ఏళ్లైంది. నా చెయ్యి సగం దాకా లేచింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ముంజేయి పట్టుకోలేదు. నా కాళ్లే వెనక్కి జరిగాయి. "నువ్వే ఒత్తు బిడ్డా" అన్నాను. ఆమె ఒత్తింది. ఇల్లంతా వెలిగింది. అందరూ సంతోషంగా భోజనాలకు లేచారు.

అందరూ వెళ్లాక నేనొక్కదాన్నే బోర్డు దగ్గర నిలబడ్డాను. బాగా కిందికి ఉంది, పీట అక్కర్లేదు. ఆర్పాను. వేశాను. మళ్లీ ఆర్పాను. లోపలినుంచి కోడలు, "ఏం జేస్తున్నరత్తమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు బిడ్డా, తుడుస్తున్న" అన్నాను.